మూడో కాపీ

1956 నవంబర్ 1. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. ఈ డేట్ మనందరం చిన్నప్పుడే బట్టీ పట్టాం. దానికి ముందు రోజు సాయంత్రమే బ్రిటన్ విమానాలు ఈజిప్టు మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయని మాత్రం నాకు మొన్నమొన్నటి దాకా తెలీదు. కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించడానికి నెహ్రూ గారు హైదరాబాద్ వచ్చిన రోజున ఆయన మనసు సగం సూయజ్ కాలువ దగ్గరే ఉండి ఉంటుంది. ఆ దాడిని ఆ రోజుల్లోనే ఆయన గట్టిగా ఖండించారు.

ఆ బాంబులు వేయించిన ప్రధానమంత్రి పేరు ఆంథొనీ ఈడెన్. ఆయన జీవితం చదవడం మొదలుపెట్టినప్పుడు ఎవరో యుద్ధపిచ్చి ఉన్న మనిషి ఎదురవుతాడనుకున్నాను. ఎదురైంది పూర్తిగా వేరే మనిషి.

ఈడెన్ 1897లో ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక జమీందారీ కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పదిహేడేళ్లు. 1914లో అన్న చనిపోయాడు. 1916లో జట్లండ్ సముద్ర యుద్ధంలో తమ్ముడు చనిపోయాడు, వాడి వయసు పదహారు. అంటే మన ఇంటర్ ఫస్టియర్ కుర్రాడి వయసు. ఈడెన్ కూడా ఫ్రాన్స్‌లో కందకాల్లో పోరాడి మిలిటరీ క్రాస్ తెచ్చుకున్నాడు. తిరిగొచ్చాక ఆక్స్‌ఫర్డ్‌లో పర్షియన్, అరబిక్ చదివి ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు. ఈ అరబిక్ సంగతి గుర్తుపెట్టుకోండి.

1935లో ముప్పై ఎనిమిదేళ్లకే విదేశాంగ మంత్రి అయ్యాడు. 1938 ఫిబ్రవరిలో రాజీనామా చేశాడు. ముస్సోలినీతో ప్రధాని చాంబర్లిన్ రాజీ పడుతున్న తీరు నచ్చక పదవి వదిలేశాడు. ఆ ఒక్క రాజీనామాతో ఆయనకి జీవితాంతం సరిపడా పేరొచ్చింది. నియంతలకి తలొంచని మనిషి అన్న పేరు. తర్వాత చర్చిల్ దగ్గర మళ్లీ విదేశాంగ మంత్రి. 1954లో ఇండోచైనా యుద్ధాన్ని ఆపిన జెనీవా ఒప్పందం వెనక ఆయన కష్టం చాలా ఉంది. అదే ఏడాది సూయజ్ ప్రాంతం నుంచి బ్రిటిష్ సైన్యాన్ని వెనక్కి రప్పించే ఒప్పందం కూడా ఆయన హయాంలోనే కుదిరింది. అంటే సూయజ్ నుంచి బ్రిటన్‌ని బయటికి తెచ్చిన మనిషే రెండేళ్లలో మళ్లీ అక్కడికి సైన్యాన్ని పంపాడు. నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది ఇదే.

చర్చిల్ కుర్చీ వదలడానికి చాలా ఏళ్లు తీసుకున్నాడు. ఈడెన్ ఎదురుచూస్తూనే ఉన్నాడు. 1953లో పిత్తాశయం ఆపరేషన్ వికటించి, ఆరోగ్యం మళ్లీ పూర్తిగా కుదుటపడలేదు. చివరికి 1955 ఏప్రిల్‌లో ప్రధాని అయ్యాడు. దానికి రెండు నెలల ముందు కైరోలో నాసర్‌ని కలిసినప్పుడు అరబిక్‌లోనే పలకరించాడట.

1956 జులై 19న ఆస్వాన్ డ్యామ్‌కి ఇస్తామన్న డబ్బు ఇవ్వమని అమెరికా చెప్పేసింది. బ్రిటన్ కూడా అదే దారి పట్టింది. సరిగ్గా వారానికే, జులై 26న, నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. షేర్‌హోల్డర్లకి పరిహారం ఇస్తానన్నాడు కూడా. కానీ యూరప్‌కి వెళ్లే చమురులో చాలా భాగం ఆ కాలువ గుండానే వెళ్లాలి. ఈడెన్‌కి నాసర్‌లో మళ్లీ ముస్సోలినీ కనిపించాడు. 1938లో నేర్చుకున్న పాఠాన్ని 1956లో అప్లై చేశాడు. ఇన్‌పుట్ మారిందని చూసుకోకుండా పాత ఫంక్షన్‌నే కాల్ చేసినట్టు (సారీ, మా బ్రాంచ్ అలవాటు).

ఆగస్టులో లండన్‌లో 22 దేశాల కాన్ఫరెన్స్ జరిగింది. మన తరఫున కృష్ణమీనన్ వెళ్లి, ఈజిప్టు హక్కుని ఒప్పుకుంటూనే కాలువ వాడే దేశాలకి ఒక సలహా సంఘం పెట్టే దారి చూపించాడు. దానికి మద్దతిచ్చినవి ఇండియాతో కలిపి నాలుగే దేశాలు. అయినా మాటలతో తేల్చుకునే దారి ఒకటి బల్ల మీద ఉంది కదా అన్నది నా పాయింట్. అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితిలో కూడా చర్చలు కొంత ముందుకే వెళ్లాయి. అలాంటప్పుడు దాడి చేయాలంటే ఒక సాకు కావాలి.

ఆ సాకుని పారిస్ పక్కన సెవ్ర్ అనే ఊళ్లో, ఒక ఇంట్లో తయారుచేశారు. అక్టోబర్ 22 నుంచి 24 దాకా బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ మనుషులు రహస్యంగా కూర్చున్నారు. ప్లాన్ ఇది: ముందు ఇజ్రాయెల్ ఈజిప్టు మీద దాడి చేస్తుంది. అప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్ ఏమీ తెలియనట్టు వచ్చి, ఇద్దరూ కాలువ నుంచి వెనక్కి జరగండి అని హెచ్చరిక ఇస్తాయి. తన భూమి మీద తానే వెనక్కి జరగమంటే ఈజిప్టు ఎలాగూ ఒప్పుకోదు. అప్పుడు కాలువని కాపాడే పేరుతో దిగిపోవచ్చు. దీన్ని టైప్ చేసి మూడు కాపీలు తీశారు. బ్రిటన్ తరఫున ప్యాట్రిక్ డీన్ అనే అధికారి సంతకం పెట్టాడు.

కాగితం మీద పెట్టారని తెలిసి ఈడెన్ ఉలిక్కిపడ్డాడు. మిగతా రెండు కాపీలు వెనక్కి తెమ్మని మర్నాడే మనుషుల్ని పారిస్ పంపాడు. వాళ్లు ఇవ్వలేదు. బ్రిటన్ కాపీ మాయమైంది. ఫ్రాన్స్ కాపీ కూడా దొరకలేదు. ఇజ్రాయెల్ ప్రధాని బెన్ గురియన్ తీసుకెళ్లిన మూడో కాపీ మాత్రం భద్రంగా ఉండి, 1996లో లోకానికి కనిపించింది.

అక్టోబర్ 29న ఇజ్రాయెల్ దాడి. 30న హెచ్చరిక. 31న బాంబులు. నవంబర్ 5న పోర్ట్ సయీద్‌లో పారాట్రూపర్లు దిగారు. 6వ తేదీ అర్ధరాత్రికి అంతా ఆగిపోయింది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మండిపడ్డాడు, పౌండు విలువ కూలిపోతోంది, అప్పు పుట్టే దారి లేదు. బ్రిటిష్ సైనికులు చనిపోయింది పాతిక మంది లోపే. ఈజిప్షియన్లు వెయ్యికి పైగా చనిపోయారు. ఇన్ని ప్రాణాలు పోయాక కాలువ ఎవరి చేతిలో ఉంది? నాసర్ చేతిలోనే, ఓడలు ముంచేసి దారి మూసేసిన స్థితిలో.

మరి దీనికి జవాబుదారీ ఎవరు? ఈడెన్ అని చెప్పేసి వదిలేయడం తేలిక. ఆయన మీద నాకు జాలి లేకపోలేదు. ఒంట్లో బాగోలేదు, అక్టోబర్ మొదట్లో విపరీతమైన జ్వరంతో హాస్పిటల్లో పడ్డాడు, మందుల మీద నడిచాడు. కానీ జ్వరం వచ్చినవాడు పొరపాటు చేస్తాడేమో గానీ, కాపీలు వెనక్కి తెప్పించడానికి మనుషుల్ని పంపడు. తను చేస్తున్నది ఏంటో ఆయనకి తెలుసు. తన ప్రభుత్వ అటార్నీ జనరల్‌ని కూడా సలహా అడగలేదు. యుద్ధం చట్టవిరుద్ధమని చెబుతున్న విదేశాంగ శాఖ న్యాయ సలహాదారుని పక్కన పెట్టేశాడు.

అయినా ఒక్కడే చేయలేదు. పారిస్‌లో ఇజ్రాయెల్‌తో రహస్యంగా మాట్లాడిన సంగతి కేబినెట్ చెవిన పడింది. అక్టోబర్ 25న, ఇజ్రాయెల్ దాడి చేస్తే మనమూ దిగుదామని వాళ్లంతా కలిసే నిర్ణయించారు. ఎవరూ గట్టిగా ఇంకో ప్రశ్న వేయలేదు. రక్షణ మంత్రి వాల్టర్ మాంక్టన్ సంగతి చూడండి. మన హైదరాబాద్ నిజాంకి రాజ్యాంగ సలహాదారుగా పనిచేసిన లాయర్ ఈయనే. యుద్ధం ఇష్టం లేక అక్టోబర్‌లో రక్షణ శాఖ వదిలేశాడు. కానీ కేబినెట్ వదల్లేదు, వేరే పదవిలో కూర్చుని నోరు మూసుకున్నాడు. ఆర్థిక మంత్రి మాక్‌మిలన్ ఇంకో రకం. మొదట్లో యుద్ధం కావాలని అందరికంటే గట్టిగా అన్నది ఆయనే. డబ్బు కష్టం రాగానే ఆపేద్దామని అందరికంటే ముందు అన్నదీ ఆయనే. ఆ రోజు కేబినెట్‌కి చెప్పిన నష్టం అంకె అసలు నష్టం కంటే చాలా ఎక్కువని తర్వాత తేలింది. మంత్రుల్లో పదవి పూర్తిగా వదిలేసి వెళ్లింది ఇద్దరే, ఆంథొనీ నటింగ్, ఎడ్వర్డ్ బాయిల్. ఇద్దరూ జూనియర్లే. వాళ్లకి కేబినెట్‌లో కుర్చీ కూడా లేదు.

నా లెక్కలో యుద్ధం నిర్ణయం అందరిదీ, అబద్ధం మాత్రం ముందు ఈడెన్‌ది. డిసెంబర్ 20న పార్లమెంటులో నిలబడి, ఇజ్రాయెల్ దాడి చేస్తుందని తమకి ముందుగా తెలియదని చెప్పాడు. దాన్ని విని ఊరుకున్న మంత్రులకీ ఆ అబద్ధంలో వాటా ఉంది.

1957 జనవరి 9న ఈడెన్ రాజీనామా చేశాడు. బయటికి చెప్పిన కారణం ఆరోగ్యం. అది నిజమే, కాబట్టి ఇంకా సౌకర్యంగా కుదిరింది. ఆయన స్థానంలో ప్రధాని అయింది మాక్‌మిలన్. సూయజ్ మీద విచారణ వేయాలని ప్రతిపక్షం అడిగింది, ఆయన ఒప్పుకోలేదు. తర్వాత ప్రతిపక్షమే అధికారంలోకి వచ్చింది, అప్పుడూ వేయలేదు.

ఈడెన్ 1960లో ఆ కాలం గురించి తన జ్ఞాపకాలు అచ్చేశాడు. అందులో సెవ్ర్ రహస్యం లేదు. 1967లో నటింగ్ తన పుస్తకంలో ఆ సంగతి బయటపెట్టాడు. ఈడెన్ చివరిదాకా ఒప్పుకోలేదు. 1976లో వచ్చిన ఆయన ఆఖరి పుస్తకంలో చిన్నతనం, కందకాలు, చనిపోయిన అన్నదమ్ములు ఉంటారు. కథ 1917 దగ్గర ఆగిపోతుంది. ఆ మరుసటి జనవరిలో అమెరికాలో ఉండగా జబ్బు ముదిరితే బ్రిటన్ ప్రభుత్వం వైమానిక దళం విమానం పంపి ఇంటికి తెప్పించింది. 1977 జనవరి 14న చనిపోయాడు.