ఏడు ఖండాల శిఖరాలెక్కిన మల్లి మస్తాన్ బాబు



వాడరేవు సముద్రం చూస్తూ పెరిగే మన పిల్లలకు మంచు కొండలు చాలా దూరం అనిపిస్తాయి. మనలాగే కోస్తా జిల్లావాడైన మల్లి మస్తాన్ బాబు గురించి వాళ్లకు చెప్పండి.

ఆయన 1974లో నెల్లూరు జిల్లా గాంధీ జనసంగంలో పేద గిరిజన కుటుంబంలో పుట్టారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివారు. అదే స్కూల్ పూర్వ విద్యార్థి ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్ట్ యాత్రలో మరణించారు. స్కూల్లో ఉన్న ఆయన విగ్రహమే మస్తాన్ బాబు మనసును కొండల వైపు తిప్పింది.

తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. మనం మన పిల్లలకు కోరుకునే చదువులన్నీ ఆయన చదివారు. అయినా కొండలనే ఎంచుకున్నారు. 2006 జనవరిలో అంటార్కిటికాలో మొదలుపెట్టి, 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేశారు. ఒక్కో శిఖరం వారంలో ఒక్కో రోజున!

2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లోని ట్రెస్ క్రూసెస్‌కు ఒంటరిగా వెళ్లారు. 6,000 మీటర్లు దాటిన శిఖరాలు వరుసగా ఉన్న కొండ అది. వాతావరణం చెడిపోయింది. ఏప్రిల్‌లో ఆయన భౌతికకాయం దొరికింది. అప్పటికి ఆయన వయసు 40 ఏళ్లు.

ఈ చివరి భాగం పిల్లల దగ్గర దాచకండి. ప్రమాదం తెలిస్తేనే శిక్షణ విలువ, జాగ్రత్త విలువ తెలుస్తాయి. ఈ నెల మార్కులతో పాటు మరో ప్రశ్న కూడా అడగండి: స్కూల్లో ఏ బొమ్మ ముందు, ఏ పుస్తకం ముందు మీ బిడ్డ కాసేపు ఆగిపోతోంది?