కోటు లోపల కుట్టిన కాగితం

ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో రీడింగ్ వేసుకుంటాం, పక్కన కిలోపాస్కల్ అని రాసి రికార్డు మూసేస్తాం. సంఖ్యల త్రిభుజానికీ ఆ పేరే, ఒక ప్రోగ్రామింగ్ భాషకీ ఆ పేరే. కానీ ఆ పేరుగల మనిషి తన చివరి ఏళ్లలో ఎక్కువగా కుస్తీపట్టింది ద్రవాలతో కాదు, బైబిల్‌తో. పాత నిబంధనలో ఒక మాట, కొత్త నిబంధనలో ఒక మాట, ఈ రెంటికీ లంకె ఎక్కడుంది అన్నది ఆయన పట్టుకున్న లెక్క.

బ్లేజ్ పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మోంలో పుట్టాడు. మూడేళ్ల వయసులోనే తల్లి పోయింది. తండ్రి ఎతియెన్ పిల్లవాణ్ణి బడికి పంపకుండా తనే చదువు చెప్పాడు. పదహారేళ్లకే శాంకవాల మీద ఒక వ్యాసం. తర్వాత రువాన్ ఊళ్లో తండ్రి పన్నుల లెక్కలు కూడలేక అవస్థ పడుతుంటే చూడలేక, 1642లో పళ్లచక్రాలతో కూడికలు చేసే యంత్రం మొదలుపెట్టాడు. అది సరిగ్గా పనిచేసే రూపానికి రావడానికి మూడేళ్లు పట్టింది. మన ప్రాజెక్టులు ఒక్క సెమిస్టర్‌లో అయిపోతాయి మరి!

1646 చలికాలంలో తండ్రి మంచు మీద జారిపడి తుంటి దెబ్బతింది. కట్టు కట్టడానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు కొన్నాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. వాళ్లది జాన్సెనిజం అనే కఠినమైన భక్తిమార్గం. కట్లతో పాటు వాళ్ల పుస్తకాలూ ఇంట్లోకి వచ్చాయి. చెల్లెలు జాక్లీన్ తర్వాత పోర్-రొయాల్ మఠంలో చేరి సన్యాసిని అయిపోయింది. పాస్కల్ మాత్రం అప్పటికి శూన్యం గొడవలో ఉన్నాడు. 1648 సెప్టెంబర్ 19న ఆయన మాట మీద బావగారు ఫ్లోరిన్ పెరియే పాదరసం గొట్టాన్ని ప్యూయి ద దోమ్ కొండ మీదికి మోసుకెళ్లాడు. కొండపైన పాదరసం మూడంగుళాల పైన దిగింది. గాలికి బరువుందన్న మాటకి బలమైన రుజువు దొరికింది.

దానికి ఏడాది ముందే శూన్యం విషయంలో నోయెల్ అనే జెసూయిట్ పాదిరీతో పాస్కల్‌కి ఉత్తరాల యుద్ధం నడిచింది. అందులో ఆయన చెప్పిన సూత్రం ఇది: ఒక ఊహకి కనిపించేవన్నీ సరిపోయినా అది నిజమని తేలిపోదు, సరిపోనిది ఒక్కటి కనబడితే చాలు, అది తప్పని తేలిపోతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమొస్తుంది.

1654 నవంబర్ తర్వాత మనిషి మారాడు. ఎందుకో అప్పట్లో ఎవరికీ తెలియదు. పోర్-రొయాల్‌కి రాకపోకలు పెరిగాయి. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ ఒక పెద్ద పుస్తకం రాయాలనుకున్నాడు. పెద్ద పెద్ద కాగితాల మీద తోచింది తోచినట్టు రాసి, వాటిని కత్తెరతో ముక్కలు చేసి, ఒక విషయానివి ఒకచోట చేర్చి దారంతో గుచ్చేవాడు. అలాంటి కట్టల్లో ఒకటి ఈ లంకెల గురించే. మన చర్చిల్లో ప్రసంగీకులు సాదృశ్యం, ఛాయ, ముంగుర్తు అంటారే, అదే. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు ఆదామును రాబోయేవాడికి గుర్తుగా చెప్పినప్పటి నుంచీ ఉన్న పద్ధతి ఇది. పాస్కల్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

ఆయన కొత్తదనమల్లా ఏ వచనం దగ్గర ఆగాలో చెప్పడంలో ఉంది. ఆదికాండంలో యాకోబు యూదా గోత్రం నుంచి రాజదండం తొలగదని దీవిస్తాడు. హోషేయ దగ్గరికొస్తే ఇశ్రాయేలీయులు రాజు లేకుండా చాలా రోజులు ఉంటారని ఉంటుంది. బలులు నిత్యమైనవని ఒకచోట, దేవుడికి అవి నచ్చవని ఇంకోచోట. మామూలుగా అయితే ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని చూడనట్టు దాటేస్తాం. పాస్కల్ అలా దాటనివ్వడు. రెండూ ఒకేసారి నిజమయ్యే అర్థం దొరికేదాకా ఆ గ్రంథం మనకి అర్థం కానట్టే అంటాడు. రహస్య లిపిలో రాసిన ఉత్తరం చేతికి దొరికితే, పైపై అర్థం దగ్గర పొంతన కుదరనప్పుడే కదా లోపల ఇంకోటి ఉందని అనుమానం వచ్చేది! బలులు అసలు విషయానికి ఛాయ అయితే రెండు మాటలూ నిలబడతాయన్నది ఆయన వాదన.

ఆయన చూపిన పోలికల్లో నాకు బాగా నచ్చింది యోసేపుది. తండ్రికి ముద్దుల కొడుకు, తండ్రి పంపితే అన్నల్ని చూడబోయాడు, వాళ్లే ఇరవై వెండి నాణేలకి అమ్మేశారు, చివరికి అమ్మినవాళ్లనే బతికించాడు. ఇంతవరకూ ఏ సండే స్కూల్లోనైనా చెబుతారు. పాస్కల్ జైలు దాకా వెళతాడు. యోసేపు పక్కన ఇద్దరు నేరస్తులు, సిలువ మీద యేసుకి అటూ ఇటూ ఇద్దరు. ఇక్కడా అక్కడా ఒకడికి రక్ష, ఒకడికి శిక్ష. అయితే యోసేపు జరగబోయేది చెప్పగలిగాడంతే, యేసు జరిగించాడు. జైల్లో యోసేపే, బయటపడబోయే పానదాయకుణ్ణి తనని మర్చిపోవద్దని వేడుకున్నాడు. సిలువ మీద వేడుకున్నది దొంగ. ఈ తిరగబడ్డ చోటే పోలికకి ప్రాణం పోస్తుంది. అన్నీ ఒకేలా ఉంటే అది నకలు అయ్యేది.

ఇక్కడ నాకొక అనుమానం. ల్యాబ్‌లో ఎదురు తిరిగిన ఒక్క రీడింగ్ ఊహని చంపేస్తుంది. గ్రంథం దగ్గరికొచ్చేసరికి ఎదురు తిరిగిన వచనం లోపల ఇంకో అర్థం ఉందనడానికి సాక్ష్యం అయిపోతోంది. ఇలాగైతే దేన్నైనా కాపాడొచ్చు కదా? ఆ ప్రమాదం పాస్కల్‌కీ తెలుసు. కొన్ని ముంగుర్తులు స్పష్టం, కొన్ని లాగి పీకి అతికించినవి, రెండో రకం ముందే నమ్మినవాళ్లకి తప్ప పనికిరావు అని తనే రాసుకున్నాడు. అంతా అక్షరాలా తీసుకోవడం ఎంత తప్పో, అంతా ఛాయే అనడమూ అంతే తప్పన్నాడు. బలుల దగ్గరే ఆగిపోవాలా వద్దా అన్నదానికి సాక్షులు ప్రవక్తలే కావాలన్నాడు.

ఒక విషయంలో మాత్రం ఆయన పక్షాన నిలబడలేను. గ్రంథాన్ని కాపాడుకొచ్చిన యూదులకి దాని అర్థం మాత్రం తెలియలేదని తేల్చేశాడు. ఒక వచనాన్ని ఇంకో వచనంతో విప్పడంలో రబ్బీలది ఎంతో పాత సంప్రదాయం. ఆ రబ్బీల మాటలు ఆయనకి ఎక్కువగా తెలిసింది వాళ్లతో వాదించడానికే పదమూడో శతాబ్దపు డొమినికన్ సన్యాసి రాసిన గ్రంథం నుంచి. అది 1651లో పారిస్‌లో అచ్చయింది. అవతలివాళ్ల రీడింగులు వాళ్ల ప్రత్యర్థి రికార్డు చూసి ఎక్కించుకున్నట్టే ఇది.

పుస్తకం పూర్తికాలేదు. ఒంట్లో ఎప్పుడూ బాగుండేది కాదు, చివరి ఏళ్లలో మరీ క్షీణించాడు. అయినా 1662లో పారిస్ వీధుల్లో ఐదు సూలు ఇచ్చి ఎక్కే గుర్రబ్బండ్లు నడిపించే పనిలో పాలుపంచుకున్నాడు. అదే ఏడాది ఆగస్టు 19న పోయాడు. ముప్ఫైతొమ్మిదేళ్లు. కాగితాల కట్టల్లోంచి ఏరి 1670లో 'పాంసే' పేరుతో అచ్చువేశారు.

ఆయన పోయిన కొద్దిరోజులకి పనివాడికి ఆయన కోటు అస్తరులో ఏదో మందంగా తగిలింది. విప్పి చూస్తే మడతపెట్టిన తోలుపత్రం, లోపల ఒక కాగితం. 1654 నవంబర్ 23, రాత్రి సుమారు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అని ఉంది. ఆ రాత్రి తనకి కలిగిన అనుభవాన్ని రాసుకున్నాడు. కోటు మార్చినప్పుడల్లా విప్పి మళ్లీ కుట్టుకునేవాడని తర్వాత చెప్పుకున్నారు.

పైన నిప్పు అన్న ఒక్క మాట. దాని కింద మండే పొదలోంచి మోషేకి వినబడ్డ దేవుడి పేరు, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుడని. ఇంకొంచెం కిందికి, సమాధి దగ్గర మగ్దలేనే మరియతో యేసు తన దేవుడే శిష్యులకీ దేవుడని అన్న మాట, యోహాను సువార్త లోనిది. ఆ తర్వాతి వరుసలోనే, అత్తగారిని వదలనన్న మోయాబు విధవ రూతు, ఆమె దేవుణ్ణే తన దేవుడిగా చేసుకున్న మాట. మధ్యలో వివరణ ఏమీ లేదు.