సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. ఇతని శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది.

శిక్షణ పద్ధతి

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పాఠశాల ఉపాధ్యాయునిగా పనిచేశాడు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నే పోటీలు, ఒక్కరే బంతిని నడిపించుకుపోరాదనే నియమంతో పోటీలు నిర్వహించి ఆటగాళ్ళను తీర్చిదిద్దాడు. ఇతని శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది.

ఒలింపిక్ క్రీడలు

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. అప్పుడు పలువురు ఆటగాళ్ళు బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ళ తరువాత మెల్‌బోర్న్‌లో అదే శిక్షకుని జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. చివరకు నాలుగవ స్థానం పొందింది.

జకార్తా విజయం

1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ తరువాత రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టక, సెమీఫైనల్, ఫైనల్ మ్యాచ్‌లలో ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్‌లో పి.కె.బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ చేయగా భారత్ దక్షిణ కొరియాపైనే 2-1తో నెగ్గింది.

మరణం

ఈ విజయం తరువాత తొమ్మిది నెలలకే రహీం కాన్సరు వ్యాధితో మరణించాడు. 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో భారత పురుషుల జట్టుకు ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ దక్కలేదు. ఇతని జీవితం ఆధారంగా 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం విడుదలైంది.