బీతోవెన్ కాలేయంలో దాగిన వైరస్

బీతోవెన్ చెవుడు గురించి అందరికీ తెలుసు. ప్రాణం తీసింది మాత్రం కాలేయం. ఆయన 1770లో జర్మనీలోని బాన్‌లో పుట్టారు. తండ్రి గాయకుడే కానీ మద్యానికి బానిస. పద్దెనిమిదేళ్లకే తండ్రి జీతంలో సగం తన చేతికి ఇప్పించుకుని ఇల్లు నడపాల్సి వచ్చింది. 1792లో వియన్నా చేరాక అక్కడే స్థిరపడ్డారు. వినికిడి తగ్గిపోతుంటే 1802లో తమ్ముళ్లకు ఒక ఉత్తరం రాసి, పంపకుండా దాచుకున్నారు. తాను పోయాక తన జబ్బేమిటో వైద్యుడి చేత రాయించి లోకానికి తెలపాలని అందులో కోరారు.

భోజనంతో పాటు వైన్ ఆయనకు రోజువారీ అలవాటు. 1821లో కామెర్లు వచ్చాయి. 1826 డిసెంబరులో తమ్ముడి ఊరి నుంచి చలిలో బండి మీద వియన్నాకు తిరిగొచ్చి మంచం పట్టారు. మొదట ఊపిరితిత్తుల జబ్బు, తర్వాత మళ్లీ కామెర్లు, ఆపైన పొట్ట నిండా నీరు. రెండు నెలల్లో నాలుగుసార్లు పొట్టకు రంధ్రం చేసి నీరు తీశారు. మొదటిసారి చేసిన గాయం వాచింది. సూక్ష్మక్రిములే రోగాలకు కారణమని అప్పటికి వైద్యులకు తెలియదు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. 1827 మార్చి 26న ఆయన కన్నుమూశారు. మర్నాటి శవపరీక్షలో కాలేయం సగానికి కుంచించుకుపోయి, తోలులా గట్టిపడి, గడ్డలు కట్టి కనిపించింది. పొట్టలోని నీరు మడ్డిగా ఉంది. అది క్రిముల పనేనా అన్నది ఇప్పుడు తేల్చలేం.

తాగుడే కారణమన్న మాట అలా దాదాపు రెండు శతాబ్దాలు నిలిచిపోయింది. 2023లో శాస్త్రవేత్తలు ఆయనవని నిర్ధారించిన వెంట్రుకల డీఎన్ఏను చదివారు. అందులో హెపటైటిస్ బి వైరస్ ఆనవాళ్లు బయటపడ్డాయి. చనిపోవడానికి కనీసం కొన్ని నెలల ముందే అది ఆయన ఒంట్లో ఉంది. కాలేయ వ్యాధి ముప్పును పెంచే జన్యువులూ కనిపించాయి. వీటికి మద్యం తోడైందన్నమాట.

ఈ పొరపాటు నేటికీ జరగవచ్చు. రోగి తాగుతాడని తెలియగానే కారణం దొరికిందనుకుంటాం. అందుకే ఇప్పుడు అలాంటి వారికీ హెపటైటిస్ బి, సి రక్తపరీక్షలు చేస్తారు. పొట్టలో నీరు చేరి ఆసుపత్రికి వస్తే, జ్వరం, నొప్పి లేకున్నా సూదితో కాస్త నీరు తీసి తెల్లకణాలు లెక్కిస్తారు. వాటిలో న్యూట్రోఫిల్స్ ఘనపు మిల్లీమీటరుకు 250 దాటితే, కల్చర్ ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

1802లో ఆయన తెలుసుకోవాలనుకున్న చెవుడు కారణం మాత్రం ఆ వెంట్రుకల్లో దొరకలేదు.