ఈగల నెరిగిన ఆల్ఫ్రెడ్ రోనాల్డ్సు

మన కిషన్‌బాగు బాలురకు మీర్ ఆలం చెరువు చిరపరిచితము. గాలము వేయువారు వానపామునో పిండిముద్దనో ముల్లునకు గ్రుచ్చుట అందరెరిగినదే. ఎర యనునదే లేక, కోడియీకను పట్టుదారముతో ముల్లునకు చుట్టి, దానినే పురుగని చేపను నమ్మించు విద్య యొకటి కలదన్నచో మన విద్యార్థులు నవ్వుదురేమో. ఇంగ్లండు దేశపు చల్లని వాగులలో ట్రౌటు అను చేపను పట్టుటకు ఆ విద్య శతాబ్దములుగా వాడుకలో నున్నది. దానికి శాస్త్రపు పునాది వేసిన ఆల్ఫ్రెడ్ రోనాల్డ్సు చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా చెప్పబూనితిమి.

ఈయన 1802వ సంవత్సరమున లండను సమీపమందలి హైబరీలో జన్మించెను. తండ్రి జున్ను టోకు వర్తకుడు. అన్నయగు ఫ్రాన్సిస్, 1816లో ఇంటితోటయందు 8 మైళ్ల తీగను అమర్చి, విద్యుచ్ఛక్తితో వార్త పంపవచ్చునని చూపిన ప్రజ్ఞావంతుడు. తమ్ముడు తంతి జోలికి పోక స్టాఫర్డ్‌షైరు వాగులవెంట తిరుగసాగెను. పరీక్షింపక దేనిని నమ్మని స్వభావము మాత్రము అన్నదమ్ముల కిద్దరికిని సమానమే.

అప్పటి జాలరుల చిక్కేమో ముందు తెలిసికొనవలెను. ట్రౌటు చేప నీటిలో పుట్టి గాలిలోనికెగురు సన్నని పురుగులను తినును. ఇంగ్లీషువారు వానిని ఈగలందురుగాని అవి మన యింటి యీగలు కావు. వానిని బోలిన కృత్రిమపు టీగలు పన్నెండు, 1496లోనే అచ్చుపడిన యొక గ్రంథమున వర్ణింపబడినవి. తరువాతివారు చాలమంది ఆ వర్ణనలనే తిరుగవ్రాసిరి. ఇంతలో ఒక్కొక్క సీమ ఒక్కొక్క పేరు పెట్టుకొనెను. మనలో ఒకే చేపను ఒకరు కొర్రమీననియు మరొకరు కొర్రమట్టయనియు అనుటలేదా? అచ్చట చిక్కు అంతకంటె పెద్దది. పేరు దొరికినను అది ఏ పురుగును బోలినదో, ఏ నెలలో నీటిపైకి వచ్చునదో చెప్పువారు లేరు. తాతనాటి పెట్టెలోని ఈగను చేతబట్టి ఇది ఫలానాయని నిశ్చయించుటకు ఆధారము లేకపోయెను.

రోనాల్డ్సు బ్లైత్ అను వాగుమీద నొక చిన్న గుడిసె కట్టించి, అందు దాగి చేపలను కనిపెట్టెను. గ్రాట్విచ్ గ్రామపు క్రైస్తవ గురువు బ్రౌనుగారు, మెరుపు చేపలకు కనబడకుండ చాటునుండి తుపాకి కాల్చుచుండగా, ఈయన గుడిసెలోనుండి చూచెను. చేపలు కదలలేదు. మరియొకసారి చచ్చిన యింటి యీగలకు మిరపకారమును ఆవపిండియు పట్టించి గొట్టముతో నీటిమీదికి ఊదెను. చేప వానిని కూడ మ్రింగెను! కారమునకు మనవారిని మించినవారు లేరనుకొంటిమి. దీనివలన ట్రౌటు రుచిని చూచి కాదు, రూపమును చూచి ఎర పట్టునని ఆయనకు తోచెను. కావున రూపమును సరిగా నెరుగుటయే ప్రధానమని పురుగులను పట్టి పోల్చి చూడసాగెను.

ఆయన చూపినవానిలో మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది ఇది. మార్చ్ బ్రౌను అను గోధుమరంగు ఈగయు, గ్రేట్ రెడ్ స్పిన్నరు అను ఎఱ్ఱని ఈగయు జాలరుల పెట్టెలలో వేరువేరు అరలలో నుండెడివి. నిజమునకవి రెండును ఒక్క పురుగే. నీటినుండి వెడలినప్పుడు మసకరెక్కలతో నుండి, పిమ్మట మరియొకసారి కుబుసము విడిచి, తళతళలాడు రెక్కలు గలదై వేరు రంగు దాల్చును. రెక్కలు వచ్చిన తరువాత కుబుసము విడుచు పురుగు ఈ జాతి తప్ప మరి లేదు.

ఆయన గ్రంథము 1836లో వెలువడెను. ఒక్కొక్క పటములో నిజమైన పురుగును దాని ప్రక్కనే కృత్రిమపు టీగను చిత్రించి, శాస్త్రనామమును, కనబడు కాలమును, కట్టు విధమును వ్రాసెను. పటములను తానే చెక్కెను. పాత మార్చ్ బ్రౌనును గుర్తింపగోరువాడు ఒడలికి కుందేటి బొచ్చు, రెక్కలకు ఫెజంటు పిట్ట యీక, కాళ్లకు కౌజుపిట్ట యీక యున్నవేమో చూడవలెను. ఇవన్నియు నీట మునుగు ఈగలే. నీటిపై తేలు ఈగల వాడుక ఆ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని ప్రబలలేదు. ఆయన యిచ్చిన శాస్త్రనామములలో కొన్ని నేడు మారినవి. పోల్చు పద్ధతి మాత్రము మారలేదు.

భార్యయగు మార్గరెట్టు మరణించిన పిమ్మట, 1848లో ఆయన పిల్లలతో ఓడయెక్కి ఆస్ట్రేలియా చేరెను. అచ్చటి బల్లారట్ పట్టణమున మొక్కల తోట పెంచి జీవించెను. ఇంగ్లండులో ఆయన గ్రంథము మరల మరల అచ్చగుచుండగా, ఆయన యున్న దేశపు నీళ్లలో ట్రౌటు ఒక్కటియు లేదు. 1860లో ఆయన గతించెను. మంచులో భద్రపరచిన ట్రౌటు గ్రుడ్లు ఓడలో టాస్మేనియా చేరినది 1864లో. అటుపిమ్మట బల్లారట్‌లోని వెండూరీ సరస్సున కూడ ట్రౌటు పెరిగెను.