రక్తపు గడ్డను కరిగించిన విలియం టిల్లెట్

ఆడుకుంటూ పడి మోకాలు గీసుకుపోతే రక్తం కారుతుంది. కాసేపటికి గడ్డకట్టి దానంతట అదే ఆగిపోతుంది. రక్తంలోని ఫైబ్రినోజన్ అనే ప్రోటీను, ఫైబ్రిన్ అనే సన్నని దారాలుగా మారి వల అల్లడమే ఇందుకు కారణం. ఇది మనకు మేలు చేసే పని. కానీ అలాంటి గడ్డే గుండెకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో ఏర్పడితే దారి మూసుకుపోయి గుండెపోటు వస్తుంది. అటువంటి గడ్డను కరిగించే మందుకు దారి చూపిన వైద్యుడు విలియం స్మిత్ టిల్లెట్.

టిల్లెట్ 1892లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, షార్లెట్ నగరంలో జన్మించారు. 1917లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో వైద్య విద్య పూర్తిచేశారు. తరువాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేశారు. 1930లో అక్కడ థామస్ ఫ్రాన్సిస్‌తో కలిసి, జబ్బు చేసినవారి రక్తంలో పెరిగే సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను గుర్తించారు. నేటికీ ఆసుపత్రులలో చేసే సి.ఆర్.పి. పరీక్ష దాని గురించే. అక్కడినుండి మళ్ళీ బాల్టిమోర్, 1937లో మళ్ళీ న్యూయార్క్. మన ఇళ్ళలో బదిలీలు వచ్చినట్టే ఆయనా ఊళ్ళు మారారు. కానీ పట్టుకున్న విషయాన్ని మాత్రం విడవలేదు.

ఆ విషయం స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా. గొంతునొప్పి మొదలుకొని ప్రాణాంతకమైన జబ్బుల దాకా తెచ్చే క్రిమి అది. బాల్టిమోర్‌లో టిల్లెట్ ఒక వింత గమనించారు. ఈ క్రిములు ప్లాస్మాలో గుంపులుగా చేరుతున్నాయి, సీరంలో చేరడం లేదు. ప్లాస్మాలో ఫైబ్రినోజన్ ఉంటుంది, సీరంలో ఉండదు. అంటే క్రిములు ఫైబ్రినోజన్‌ను తమ ఒంటికి అంటించుకుంటున్నాయని ఆయన ఊహించారు. అలాగైతే క్రిములు కలిపిన ప్లాస్మా గడ్డకట్టకూడదు. ఆయన కొన్ని పరీక్షనాళికలలో క్రిములు కలిపి, కొన్నింటిలో కలపకుండా, గడ్డకట్టడానికి అవసరమైన కాల్షియం చేర్చి చూశారు. అన్నీ గడ్డకట్టాయి! ఊహ తప్పినట్టే కనిపించింది.

ఆ తరువాత ఆయన నాళికలను మళ్ళీ చూశారు. క్రిములు ఉన్న నాళికలలో గడ్డలు కరిగి నీరైపోయాయి. మిగిలినవాటిలో గడ్డ గట్టిగానే ఉంది. ఆ రెండో చూపే చరిత్ర అయింది. 1933లో టిల్లెట్, గార్నర్ కలిసి ఈ సంగతి ప్రకటించారు. క్రిములను వడకట్టి తీసేసినా మిగిలిన ద్రవం గడ్డను కరిగిస్తోంది. అంటే క్రిములు ఏదో పదార్థాన్ని బయటికి వదులుతున్నాయన్నమాట. అది మనిషి రక్తపు గడ్డను కరిగించింది గానీ, కుందేలు రక్తపు గడ్డను కరిగించలేకపోయింది.

ఎందుకలా? ఈ చిక్కుముడి న్యూయార్క్‌లో టిల్లెట్ సహచరుడు క్రిస్టెన్‌సెన్ చేతిలో 1945లో విడిపోయింది. ఆ పదార్థం స్వయంగా గడ్డను కరిగించదు. మన రక్తంలోనే నిద్రపోతున్న ప్లాస్మినోజెన్‌ను మేల్కొల్పి ప్లాస్మిన్ అనే ఎంజైముగా మారుస్తుంది. ప్లాస్మిన్ ఫైబ్రిన్ దారాలను ముక్కలు చేస్తుంది. ఆ పదార్థానికి స్ట్రెప్టోకైనేజ్ అనే పేరు వచ్చింది.

అయితే క్రిమి నుండి తీసిన ద్రవంలో హానిచేసే ఇతర ప్రోటీన్లూ ఉంటాయి. వాటిని తొలగించి శుద్ధి చేయడం పెద్ద పని. అందుకే టిల్లెట్ తొందరపడలేదు. సాల్ షెర్రీతో కలిసి ముందుగా ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ రక్తం, చీము గడ్డకట్టిన రోగులకు ఇచ్చి చూశారు. గడ్డలు కరిగి, పేరుకున్నదాన్ని బయటికి తీయడం సులువైంది. 1949లో టిల్లెట్, క్రిస్టెన్‌సెన్‌లకు లాస్కర్ పురస్కారం లభించింది. తరువాత మందు మరింత శుద్ధమయ్యాక, 1958లో షెర్రీ బృందం గుండెపోటు రోగులకు దాన్ని నరం ద్వారా ఇచ్చింది.

టిల్లెట్ 1974లో మరణించారు. అప్పటికీ ఈ మందుపై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. 1986లో ఇటలీలో 11 వేలకు పైగా గుండెపోటు రోగులపై జరిగిన పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలని కూడా తేలింది. ఆ మంచి కబురు వినడానికి ఆయన లేరు.

ఈ మందుకు పరిమితులూ ఉన్నాయి. రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. ఒకసారి తీసుకున్నవారి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుడతాయి కనుక మళ్ళీ ఇవ్వడానికి వెనకాడతారు. అయినా ధర తక్కువ కావడంతో మన దేశం వంటి చోట్ల ఎందరికో అందింది. మన దేశంలో చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థ దీని తయారీ పద్ధతులను రూపొందించింది. హైదరాబాదు కంపెనీలూ దీన్ని తయారుచేశాయి.

మిత్రులారా, ప్రయోగశాలలో మన ప్రయోగం అనుకున్నట్టు రాకపోతే వెంటనే నాళికను కడిగేయాలనిపిస్తుంది. కడిగే ముందు ఇంకొక్కసారి చూద్దాం. టిల్లెట్ చేసింది అదే.