శ్రీనాథుని చరమదశ - చాటుపద్యముల సాక్ష్యము

శ్రీనాథ మహాకవి యౌవన ప్రౌఢదశలను కావ్యావతారికలు తెలుపుచున్నవి. వార్ధక్యమును గూర్చి చెప్పునవి చాటుపద్యములు మాత్రమే. అవి లోకపరంపరగా వచ్చినవి గనుక శాసనములతో సమానమైన ప్రమాణములు కాజాలవు. ఐనను త్రోసిపుచ్చదగినవియు కావు.

శ్రీనాథుడు కొండవీటి ప్రభువగు పెదకోమటి వేమారెడ్డి (1402-1420) ఆస్థానమున విద్యాధికారి. శృంగారనైషధమును మామిడి సింగనామాత్యునకు, హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చెను. 1424 ప్రాంతమున కొండవీటి రెడ్డిరాజ్యము అస్తమించెను. విజయనగరమున ప్రౌఢదేవరాయల కొలువులో గౌడడిండిమభట్టును జయించి కవిసార్వభౌముడై కనకాభిషేకము పొందెనని ప్రసిద్ధి. పిదప రాజమహేంద్రవరమున కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితము గావించెను. 1448 ప్రాంతమున ఆ రాజ్యమును గజపతుల వశమయ్యెను.

అంతట పోషకుల వరుస తెగినది. వృద్ధకవి కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు గైకొనెననియు, ఏటి వఱద పంటను గొనిపోగా మిగిలిన నువ్వులు, పెసలు పిట్టల పాలయ్యెననియు చాటువులు చెప్పుచున్నవి. ఏడునూఱు టంకముల పన్ను చెల్లింపలేని కవిని మెడకు పొగడదండతో, భుజమున నల్లగుండుతో, కాళ్ళ సంకెలలతో ఎండలో నిలిపిరట.

ఈ దుర్గతి భోగలాలసతకు ఫలమనియు, నరాంకితమునకు శిక్షయనియు, పోతనతో పోల్చి చెప్పుట పరిపాటి. ఈ తీర్పు సాధువుగా తోపదు. చాటువులు చూపు కారణము వేఱు. ఒక పద్యమున కవి గతించిన దాతలను పేరుపేరున స్మరించును. వలువ, కస్తూరి, బంగారు పళ్ళెరమున భోజనము, దినవెచ్చము - ఇన్నింటికిని ఒక్కొక్క ప్రభువే ఆధారము. ఆ ప్రభువులు పోగా కవికి మిగిలినది గుత్తసేద్యము. విజయవాడకడ 1855లో ఆనకట్ట పూర్తియగువఱకు కృష్ణాడెల్టా పైరు వఱదకును అనావృష్టికిని లోబడినదే. పంట పోయినను పన్ను నిలిచెను. ఆ పన్నును మాన్పింపగల ప్రభువు లేకపోయెను.

ఈ పద్యములు శ్రీనాథకృతములో, తరువాతివారి రచనలో నిర్ణయించుట కష్టము. ఎవరు చెప్పినను, ప్రతి శిక్షకును కవి కీర్తిచిహ్నమొకటి జతపఱచి చెప్పిన ఆ తీరులో ఆంధ్రలోకపు సిగ్గు వినిపించుచున్నది. తుదిపద్యమున కవి దైన్యముతో లోకము విడువడు. స్వర్గమందలి కవికి గుండెదిగులు పుట్టించుచు పయనమగును. పరంపర నిలుపుకొన్న శ్రీనాథుడు ఇతడే.